నమ్మకానికి ముందు తనిఖీ



మన ఊళ్లలో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు గొలుసు పట్టి కొలిపిస్తారు. పెద్దమనుషుల ఎదుట హద్దురాళ్లు పాతిస్తారు. అంతమాత్రాన వాళ్ల మధ్య ప్రేమ లేదని ఎవరూ అనుకోరు. రేపు పిల్లల కాలంలో తగవు రాకూడదని చేసుకునే ఏర్పాటు అది. దేశాల మధ్య ఆయుధాల సంగతి వచ్చేసరికి మనం ఈ ఇంగితాన్ని మరిచిపోతాం. ముందు నమ్మకం కుదరాలి, ఆ తరువాతే ఆయుధాలు తగ్గుతాయి అంటాం. ఆ నమ్మకం ఎలాగూ కుదరదు కాబట్టి నిరాయుధీకరణ మంచివాళ్లు కనే కల అని తేల్చేస్తాం. గత వందేళ్ల చరిత్రను ఓపికగా చూస్తే ఈ తీర్పు నిలబడదు. ఒకరి గోదాము తలుపులు మరొకరికి తెరిచి, లెక్క చూపించుకున్నచోట బద్ధశత్రువులు కూడా ఆయుధాలు వదులుకున్నారు. లెక్క చూపించే ఏర్పాటు లేనిచోట ఎంత గంభీరంగా ప్రమాణం చేసినా ఆయుధాలు చీకట్లో పెరిగాయి. తనిఖీ ముందు వస్తుంది, నమ్మకం దాని వెనకే నడిచి వస్తుంది. శాశ్వత శాంతి కోరుకునేవాళ్లు మొదట అడగవలసింది తనిఖీయే అన్నది ఈనాటి నా ప్రసంగంలోని వాదన.

విషవాయువుతోనే మొదలుపెడదాం. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. కొద్దిరోజులకే అదే రంగంలో లాహోర్ డివిజన్‌కు చెందిన భారత సైనికులు కూడా ఆ వాయువుకు గురయ్యారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి విషవాయువుల వల్ల దాదాపు 90 వేలమంది చనిపోయారని అంచనా. ఆ భయం నుంచే 1925లో జెనీవా ఒప్పందం పుట్టింది. విషవాయువులనూ, రోగక్రిములనూ యుద్ధంలో వాడకూడదని అది చెప్పింది. తయారు చేయవద్దని గానీ, నిల్వ చేయవద్దని గానీ చెప్పలేదు. ఎవరి దగ్గర ఎంత ఉందో చూసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. సుమారు పదేళ్లకే, ఆ ఒప్పందాన్ని ఆమోదించిన ఇటలీ ఇథియోపియా మీద మస్టర్డ్ వాయువును ప్రయోగించింది. 1980లలో ఇరాక్ కూడా అదే చేసింది. 1931లోనే ఈ ఒప్పందంలో చేరిన ఆ దేశం ఇరాన్ సైనికుల మీదా, చివరకు తన సరిహద్దుల్లోనే ఉన్న హలబ్జా పట్టణంలోని కుర్దుల మీదా విషవాయువును వదిలింది. 1988 మార్చి 16న హలబ్జాలో చనిపోయినవారు దాదాపు 5 వేలమంది అని అంచనా. ఒట్టి ప్రమాణం ఎంతవరకు కాపాడుతుందో ఆ పట్టణపు వీధులు చెబుతాయి.

ఆ తరువాత ప్రపంచం రెండు ఒప్పందాలు చేసుకుంది. ఒకటి జీవాయుధాల మీద, రెండోది రసాయనాయుధాల మీద. రెండూ తయారీనీ నిల్వనూ పూర్తిగా నిషేధించినవే. రెండింటిలోనూ దాదాపు ప్రపంచమంతా చేరింది. మొదటిదానిలో తనిఖీ లేదు, రెండోదానిలో ఉంది. ఈ తేడా ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి. జీవాయుధాల ఒప్పందం 1972లో సంతకాలకు వచ్చింది, 1975లో అమలులోకి వచ్చింది. ఆ పత్రాలను భద్రపరిచే బాధ్యత తీసుకున్న మూడు దేశాల్లో సోవియట్ యూనియన్ ఒకటి. సంతకం చేసిన కొద్దికాలానికే ఆ దేశం బయోప్రిపరాట్ అనే సంస్థ ముసుగులో ప్రపంచంలోకెల్లా పెద్ద రహస్య జీవాయుధ కార్యక్రమాన్ని నిర్మించింది. 1979 ఏప్రిల్‌లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో ఒక సైనిక కేంద్రం నుంచి ఆంథ్రాక్స్ బీజాలు గాలిలోకి వెలువడి 60 మందికి పైగా చనిపోయారు. చెడిపోయిన మాంసం తినడం వల్ల వచ్చిన జబ్బు అని సోవియట్ ప్రభుత్వం చెప్పింది. బయటివాళ్లు వెళ్లి చూసే దారి లేదు గనుక నిపుణులు కూడా ఏళ్ల తరబడి రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నారు. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ నిజం ఒప్పుకున్నాడు. అదే ఏడాది అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లి, మృతుల ఇళ్లనూ పనిచేసిన చోట్లనూ పటం మీద గుర్తిస్తే అవి ఆనాటి గాలివాలు వెంట ఒకే వరుసలో కనిపించాయి. కొద్దిరోజుల తనిఖీతో బయటపడగల నిజం 13 ఏళ్లు దాగి ఉంది.

ఇప్పుడు రసాయనాయుధాల ఒప్పందం సంగతి. 1993లో సంతకాలు జరిగి, 1997 ఏప్రిల్ 29న అమలులోకి వచ్చిన ఈ ఒప్పందానికి హేగ్ నగరంలో ఒక శాశ్వత సంస్థ ఉంది. సభ్యదేశం తన దగ్గర ఉన్న నిల్వలన్నీ ప్రకటించాలి. తనిఖీ అధికారులు వచ్చి లెక్క సరిచూస్తారు, గోదాములకు సీళ్లు వేస్తారు, ధ్వంసం చేసేటప్పుడు దగ్గరుండి చూస్తారు. ఇలా ప్రకటించిన నిల్వలు మొత్తం 72 వేల టన్నులకు పైగా. అందులో అధికభాగం రష్యాది, అమెరికాది. రష్యా 2017లో తన నిల్వల ధ్వంసం పూర్తి చేసింది. 2023 జులై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో చివరి ఆయుధం ధ్వంసం కావడంతో ప్రపంచదేశాలు ప్రకటించిన నిల్వలన్నీ అంతరించాయి. ఇందులో మన దేశపు అధ్యాయం కూడా ఉంది. 1992 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ రసాయనాయుధాలు తయారు చేయబోమనీ, సంపాదించుకోబోమనీ న్యూఢిల్లీలో సంయుక్త ప్రకటన చేశాయి. అందులో తనిఖీ ఊసు లేదు. అయిదేళ్లు గడిచాక, అంతర్జాతీయ తనిఖీకి లోబడవలసి వచ్చినప్పుడు, మన దగ్గర వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ నిల్వ ఉందని భారత ప్రభుత్వం ప్రకటించింది. 2009 నాటికి దాన్నంతటినీ తనిఖీ అధికారుల ఎదుట ధ్వంసం చేసింది. నిజం చెప్పడం, చెప్పిన మాట నిలబెట్టుకోవడం గౌరవించదగ్గ పనులు. ఆ నిజాన్ని బయటికి తెచ్చింది తనిఖీ నియమం అన్న సంగతీ అంతే గట్టిగా చెప్పుకోవాలి.

ఇదంతా స్నేహం ఉన్న కాలంలో జరిగిందేమో అని శ్రోతలు అనుకోవచ్చు. 1983ను గుర్తు చేసుకుంటే ఆ సందేహం తీరుతుంది. ఆ ఏడాది సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసింది. సెప్టెంబరులో సోవియట్ హెచ్చరిక కేంద్రంలో అమెరికా క్షిపణులు వస్తున్నాయని తప్పుడు సంకేతం మోగితే, స్టానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి నిబ్బరం వల్ల ఆ రాత్రి గడిచింది. నవంబరులో జెనీవా చర్చల నుంచి సోవియట్ ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు. అక్కడి నుంచి నాలుగేళ్లకే, 1987 డిసెంబరు 8న, మధ్యతరహా క్షిపణులను పూర్తిగా తొలగించే ఒప్పందం మీద గోర్బచేవ్, రీగన్ సంతకాలు చేశారు. అందులో అసలు విశేషం తనిఖీ. రష్యాలోని వోత్కిన్‌స్క్ క్షిపణి కర్మాగారం గేటు దగ్గర అమెరికా అధికారులు, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కర్మాగారం దగ్గర సోవియట్ అధికారులు మకాం వేసి, లోపలి నుంచి ఏది బయటికి వస్తున్నదో చూస్తూ ఉండేవారు. 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. ఒప్పందం ప్రకారం ఆ తనిఖీలు 13 ఏళ్లకు, 2001లో ముగిశాయి. కొన్నేళ్లు గడిచాక రష్యా నిషేధిత క్షిపణి తయారు చేసిందని అమెరికా ఆరోపించింది, రష్యా కాదంది. వెళ్లి చూసి తేల్చే ఏర్పాటు అప్పటికి లేదు. 2019లో ఒప్పందమే రద్దయింది. తనిఖీ ఉన్నంతకాలం నిలిచిన ఒప్పందం, తనిఖీ పోయాక అనుమానాల పాలై కూలింది.

అణుపరీక్షల చరిత్రలోనూ ఇదే పాఠం మరో రూపంలో ఉంది. 1954లో బికినీ దీవి దగ్గర అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష తరువాత, పరీక్షలు ఆపే ఒడంబడిక కావాలని లోక్‌సభలో పిలుపునిచ్చినవాడు నెహ్రూ. 1963 నాటికి అమెరికా, సోవియట్ యూనియన్ దాదాపు పూర్తి నిషేధం దాకా వచ్చాయి. ఏడాదికి ఏడు తనిఖీలు కావాలని అమెరికా పట్టుబట్టింది, మూడుకు మించి ఒప్పుకోనని సోవియట్ యూనియన్ అంది. ఆ నాలుగు తనిఖీల తేడా దగ్గర మాట తెగిపోయింది. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు మాత్రమే నిషేధించి, భూగర్భ పరీక్షలను వదిలేశారు. ప్రపంచంలో ఇంతవరకు జరిగిన 2 వేలకు పైగా అణుపరీక్షల్లో సుమారు నాలుగింట మూడు వంతులు భూగర్భంలోనే జరిగాయి. అక్కడ తెగిన మాటకు మానవజాతి చెల్లించిన మూల్యం అది. భూమి కింద జరిగే పేలుడును పసిగట్టలేమని ఆనాడు చెప్పిన సాకు ఇప్పుడు చెల్లదు. మన హిందూపురం నుంచి కర్ణాటక సరిహద్దు దాటగానే వచ్చే గౌరిబిదనూరులో, దూరాన జరిగే అణుపేలుళ్ల ప్రకంపనలను గుర్తించే కేంద్రాన్ని 1960లలోనే నెలకొల్పారు. 1996 నాటి సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం కోసం వియన్నాలో ఏర్పడిన సంస్థ ప్రపంచమంతటా 337 కేంద్రాల వ్యవస్థను తలపెట్టి, అందులో అత్యధిక భాగం పూర్తి చేసింది. 2006లో ఉత్తర కొరియా జరిపిన చిన్న పరీక్షను అది పట్టుకుంది. కొన్నిరోజులకు వేల కిలోమీటర్ల దూరాన, కెనడాలోని ఎల్లోనైఫ్ కేంద్రం గాలిలో ఆ పేలుడు తాలూకు జెనాన్ వాయువు ఆనవాళ్లను గుర్తించింది. ఆ ఒప్పందం ఇంకా అమలులోకి రాలేదు. మన దేశం దాని మీద సంతకం చేయలేదు. అయినా దాని కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

ఈ వాదనకు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని దాటవేయడం న్యాయం కాదు. మొదటిది, మోసం చేయదలచినవాడు తనిఖీ ఉన్నా మోసం చేస్తాడు అన్నది. సిరియా 2013లో రసాయనాయుధాల ఒప్పందంలో చేరింది. దాదాపు 1,300 టన్నుల నిల్వలు అప్పగించింది. అయినా 2017లో ఖాన్ షేఖూన్ పట్టణంలో సారిన్ విషవాయువు ప్రయోగం జరిగింది. నిల్వలన్నీ ధ్వంసం చేశానన్న రష్యాకు చెందిన నోవిచోక్ రకం విషం 2018లో ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో ప్రయోగానికి వచ్చింది. ఇవి నిజాలు. కొద్ది గ్రాముల విషాన్ని ఏ తనిఖీ వ్యవస్థా పూర్తిగా ఆపలేదు. సిరియా ప్రజల మీద వేయడానికి వీలుండే 1,300 టన్నులు లేకుండా పోయాయి అన్నదీ నిజమే కదా. దొంగతనాలు జరుగుతున్నాయని ఊరికి కాపలా తీసేయం. సైన్యాలు వాడుకోగలిగే స్థాయిలో నిల్వలు కూడబెట్టడాన్ని కష్టం చేయడం, చేసినవాణ్ణి ఆధారాలతో పట్టివ్వడం తనిఖీ పని. సారిన్ వాడింది సిరియా ప్రభుత్వమేనని నమూనాలు పరీక్షించి తేల్చిన నివేదికలు ఈ పని చేశాయి. శిక్ష వేయలేకపోవడం భద్రతామండలిలోని వీటో రాజకీయాల లోపం. ఆ నేరాన్ని తనిఖీ అధికారుల మీద మోపడం తగదు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఆయుధాలు వదులుకున్నవాడు దెబ్బతింటాడు, ఉక్రెయిన్‌ను చూడండి అంటారు. సోవియట్ యూనియన్ విడిపోయాక తన భూభాగంలో మిగిలిన అణ్వస్త్రాలన్నిటినీ ఉక్రెయిన్ 1996 నాటికి రష్యాకు పంపేసింది. ప్రతిగా 1994లో బుడాపెస్ట్‌లో దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ రాసిచ్చాయి. 2014లో క్రిమియాను, 2022లో దేశమంతటినీ లక్ష్యంగా చేసుకుని రష్యా దండెత్తింది. ఈ అన్యాయాన్ని తక్కువ చేసి చెప్పలేం. అందులోని పాఠాన్ని మాత్రం సరిగ్గా చదువుకోవాలి. ఉక్రెయిన్ ఇచ్చిన ప్రతి బాంబుకూ లెక్క ఉంది. ఉక్రెయిన్‌కు ఇచ్చిన మాటకు లెక్క అడిగే యంత్రాంగం లేదు. ఒకవైపు తూచి ఇచ్చారు, మరోవైపు మాటతో సరిపెట్టారు. దీన్నుంచి తేలేది, రక్షణ హామీలకు కూడా పరిశీలకులు, గడువులు, ఉల్లంఘిస్తే పడే శిక్షలు రాతలో ఉండాలన్నది. ఇరాక్ ఉదాహరణను దీని పక్కన పెట్టి చూడండి. 2002 చివరి నుంచి హాన్స్ బ్లిక్స్ నాయకత్వాన ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందాలు ఇరాక్‌లో దాదాపు నాలుగు నెలలు వెతికి, సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలను కనుగొనలేదని చెప్పాయి. ఇంకొంత వ్యవధి అడిగాయి. అమెరికా, బ్రిటన్ ఆ మాట వినకుండా 2003 మార్చిలో యుద్ధం మొదలుపెట్టాయి. ఆ తరువాత అమెరికాయే నియమించిన సర్వే బృందం అక్కడ అలాంటి నిల్వలేవీ లేవని 2004లో తేల్చింది. గూఢచారి నివేదికలు తప్పయ్యాయి, తనిఖీ నిజమైంది. ఆ వ్యవధి ఇచ్చి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

మూడో అభ్యంతరం మన దేశంలో తరచుగా వినిపించేది. పెద్దదేశాలు తమ ఆయుధాలు ఉంచుకుని, చిన్నదేశాల ఇళ్లలోకి వచ్చి వెతకడమేనా తనిఖీ అంటే అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం అయిదు దేశాలకు ఒక నీతి, మిగతా దేశాలకు ఒక నీతి పెట్టింది కాబట్టే భారత్ అందులో చేరలేదు. అదే భారత్ రసాయనాయుధాల ఒప్పందంలో మొదట్లోనే చేరింది, ఎందుకంటే అమెరికాకూ అల్బేనియాకూ అందులో ఒకే నియమం. 1988లో ఐక్యరాజ్యసమితి ముందు రాజీవ్ గాంధీ ఉంచిన కార్యాచరణ ప్రణాళిక కూడా, గడువు పెట్టుకుని అన్ని దేశాలూ అణ్వస్త్రాలు తొలగించుకోవాలనే అడిగింది. ఈ అభ్యంతరం తనిఖీని కాదనదు, అందరికీ సమానమైన తనిఖీని కోరుతుంది. ఇక అణ్వస్త్రాల భయమే శాంతిని కాపాడుతోంది అనేవారికి ఒక లెక్క గుర్తుచేయాలి. 1986లో ప్రపంచంలో 70 వేలదాకా అణ్వస్త్రాలు ఉండేవి, ఇప్పుడు 12 వేల చిల్లర. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పరస్పర తనిఖీలున్న ఒప్పందాల కాలంలోనే వచ్చింది. అన్ని వేల బాంబులు పోయినందువల్ల ఏ అణ్వస్త్ర దేశమూ బలహీనమై ఎవరి చేతా ఆక్రమణకు గురికాలేదు. పగ ఉన్నవాళ్ల మధ్య ఇదంతా సాగదనేవారు మన ఉపఖండాన్నే చూడవచ్చు. అణుకేంద్రాల మీద దాడి చేయకూడదన్న ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం వచ్చినా ఈ ఆనవాయితీ తెగలేదు. ఇది తనిఖీ దాకా వెళ్లలేదు గానీ, లెక్క చెప్పుకోవడమనే తొలి మెట్టు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కంత జీవాయుధాల ఒప్పందంలో ఉంది. దానికి తనిఖీ నియమాలు చేర్చడానికి ఏళ్ల తరబడి సాగిన చర్చలు 2001లో అమెరికా నిరాకరణతో కూలిపోయాయి. పరిశ్రమల వ్యాపార రహస్యాలు బయటపడతాయన్నది ఆ దేశం చెప్పిన కారణాల్లో ఒకటి. రసాయన పరిశ్రమ కూడా ఒకప్పుడు ఇలాగే భయపడింది. మన దేశంలో 2000లో వచ్చిన చట్టం ప్రకారం, నిర్దేశిత రసాయనాలు వాడే కర్మాగారం విశాఖ తీరంలో ఉన్నా, హైదరాబాదు శివార్లలో ఉన్నా లెక్కలు ప్రకటించాలి, అంతర్జాతీయ తనిఖీకి సిద్ధంగా ఉండాలి. అందువల్ల ఆ పరిశ్రమ మూతపడలేదు. మందుల పరిశ్రమ అయితే తనిఖీకి ఏనాడో అలవాటు పడింది. హైదరాబాదు చుట్టుపక్కల తయారయ్యే మాత్ర అమెరికాలో అమ్ముడుపోవాలంటే అక్కడి ఔషధ నియంత్రణ అధికారులు ఇక్కడికి వచ్చి కర్మాగారం చూసి వెళతారు. మన టీకాలు ప్రపంచానికి చేరాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలన దాటాలి. ఒక మాత్ర నాణ్యత కోసం తెరిచే తలుపును కోట్ల ప్రాణాల కోసం తెరవలేమనడం ఏ హేతువుకూ నిలవదు. ఖర్చు మాట కూడా చెప్పుకుందాం. 2024లో ప్రపంచదేశాలు సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు. హేగ్‌లోని రసాయనాయుధ నిషేధ సంస్థ వార్షిక వ్యయం 10 కోట్ల యూరోల లోపు, అంటే అందులో 20 వేలవ వంతు కూడా కాదు. జీవాయుధాల ఒప్పందం పనులు చూడడానికి జెనీవాలో ఉన్న సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జీవాయుధాలకు కొత్త కంచె వేయకపోగా పాత కంచెలు కూడా ఒకటొకటిగా పడిపోతున్నాయి. అమెరికా, రష్యాల మధ్య మిగిలి, 2026లో గడువు తీరిన చివరి అణ్వస్త్ర పరిమితి ఒప్పందం ప్రకారం ఏడాదికి 18 తనిఖీలు జరగవలసి ఉండేది. 2020లో కోవిడ్ కారణంగా ఆగిన ఆ తనిఖీలు మళ్లీ మొదలుకాలేదు. 2023లో రష్యా ఆ ఒప్పందం అమలునే నిలిపివేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేశాక ఊహలే మిగులుతాయి, ఊహలు ఎప్పుడూ ఎదుటివాడి బలాన్ని పెంచే చూపిస్తాయి. అందుకే శాంతిని కోరే ప్రతి పౌరుడూ తన ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మీరు చేసిన ప్రమాణాన్ని ఎవరు వచ్చి చూస్తారు, ఎదుటివాడి ప్రమాణాన్ని మనం ఎలా చూస్తాం? జీవాయుధాల ఒప్పందానికి కట్టుబాటుతో కూడిన తనిఖీ కావాలని భారత్ అంతర్జాతీయ వేదికల మీద చెబుతూనే ఉంది. టీకాలకూ మందులకూ ప్రపంచం ఆధారపడే దేశంగా ఆ మాటకు ముందుండి బలం చేకూర్చే అర్హత మనకు ఉంది. మన చట్టసభల్లో, మన విశ్వవిద్యాలయాల్లో, మన పత్రికల్లో ఈ విషయం మీద చర్చ జరగాలి. హద్దురాయి పాతుకున్న అన్నదమ్ములు ఆ తరువాత ఒకే పంక్తిలో కూర్చుని భోంచేయగలుగుతారు. దేశాలకు కూడా ఆ అవకాశం దక్కేలా మన గొంతు కలుపుదాం.